కట్టిన ఫీజుకు ఫలితం రాబట్టేదెలా?

గేట్ శిక్షణకు వెళ్లే విద్యార్థులు, పంపే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

ఇంజనీరింగ్ ముగించిన కొడుకునో కూతురినో మరో ఆరు నెలలో, ఏడాదో పట్నంలో ఉంచి చదివించడం సన్నకారు రైతు కుటుంబానికి చిన్న భారం కాదు. శిక్షణ ఫీజు ఒక ఎత్తు. హాస్టలు అద్దె, మెస్ బిల్లు, పుస్తకాలు, బస్సు చార్జీలు మరో ఎత్తు. పంట డబ్బు చేతికి రాకముందే పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఈ ఖర్చుకు సిద్ధపడే ఇళ్లు పల్లెల్లో ఉన్నాయి. ఇంత కష్టపడి కట్టిన డబ్బుకు తగిన ఫలితం దక్కేదీ లేనిదీ శిక్షణ కేంద్రం బోర్డు మీది పేరును బట్టి తేలదు. ఆ శిక్షణను విద్యార్థి ఎలా వాడుకున్నాడన్న దాన్ని బట్టే చాలావరకు తేలుతుంది.

ఎం.టెక్. వంటి ఉన్నత సాంకేతిక చదువులకు దేశమంతటా జరిగే ప్రవేశ పరీక్ష గేట్. బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ, ఏడు ఐ.ఐ.టి.లు వంతులవారీగా దీనిని నిర్వహిస్తుంటాయి. పరీక్ష సాధారణంగా ఫిబ్రవరిలో ఉంటుంది. దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే, ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతాల్లో మొదలవుతాయి. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నవారు కూడా రాయవచ్చు. వచ్చిన స్కోరు మూడేళ్లపాటు చెల్లుతుంది. మహిళలకు, ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు, వికలాంగులకు దరఖాస్తు ఫీజు సుమారు సగమే.

ఈ స్కోరుతో అర్హతగల సంస్థల్లో ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం లభిస్తుంది. రెండేళ్లకు లెక్కవేస్తే అది దాదాపు 3 లక్షలు. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు ఇంజనీర్ల నియామకానికి కూడా ఈ స్కోరునే చూస్తాయి. పల్లె నుంచి వచ్చిన విద్యార్థి ఇంటి మీద భారం వేయకుండా పెద్ద చదువు చదవడానికి ఉన్న దారుల్లో ఇదొకటి. అందుకే దీనికోసం పెట్టే ప్రతి రూపాయినీ, ప్రతి గంటనూ ఆచితూచి పెట్టాలి.

ముందు ప్రశ్నపత్రం, తర్వాత ఫీజు

మట్టి పరీక్ష చేయించకుండా ఎరువు బస్తాలు కొన్న రైతుకు ఏ మడికి ఏది కావాలో తెలియదు. శిక్షణ విషయంలోనూ అంతే. చేరడానికి ముందే పాత గేట్ ప్రశ్నపత్రం ఒకటి తీసుకోవాలి. వీటిని పరీక్ష నిర్వహించే సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగానే ఉంచుతారు. ఎదురుగా గడియారం పెట్టుకుని, పుస్తకం తెరవకుండా, మూడు గంటలూ కదలకుండా కూర్చుని రాయాలి. మార్కులు తక్కువ వచ్చాయని సిగ్గుపడనక్కరలేదు. ఎక్కడ బలముందో, ఎక్కడ లోపముందో తెలియడానికే ఈ పరీక్ష.

రాసిన తర్వాత పాఠాలను మూడు భాగాలుగా విడదీయాలి. బాగా వచ్చినవి, ఒకప్పుడు చదివి మరిచిపోయినవి, అసలు ఎన్నడూ అర్థం కానివి. ఈ జాబితా చేతిలో ఉన్న విద్యార్థికి శిక్షణ తరగతుల్లో ఏ రోజు చెవులు రిక్కించి వినాలో, ఏ రోజు కొంత తేలికగా ఉండవచ్చో ముందే తెలిసిపోతుంది. జాబితా లేనివాడికి అన్ని పాఠాలూ ఒకటే. వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చదివి, రానిదాన్ని చివరి నెలకు వాయిదా వేసుకుంటాడు.

పాత పత్రం చూస్తే మరో సంగతి కూడా బోధపడుతుంది. గేట్‌లో మొత్తం 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఇందులో 10 ప్రశ్నలు, 15 మార్కులు సాధారణ సామర్థ్యానికి సంబంధించినవి. ఇంగ్లీషు, శాతాలు, నిష్పత్తులు, కాలం పని లెక్కలు, తర్కం వంటివి ఇందులో వస్తాయి. ఎక్కువ ఇంజనీరింగ్ శాఖల్లో గణితానికి మరో 13 మార్కుల వరకు ఉంటాయి. రెండూ కలిపితే 28. సొంత సబ్జెక్టు మోజులో ఈ 28 మార్కులను పట్టించుకోనివారు, గట్టు పక్కన కాయించుకోగల కందిని వదులుకున్న రైతుతో సమానం. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు అంటే జంకే విద్యార్థులు రోజుకు అరగంట చొప్పున మొదటి నెల నుంచే దీనికి కేటాయించడం మేలు.

అందరికీ పట్నమే అక్కరలేదు

పాత పత్రంలో వచ్చిన ఫలితాన్ని బట్టి ఎలాంటి శిక్షణ కావాలో నిర్ణయించుకోవచ్చు. చాలా పాఠాల్లో పునాదే కదులుతున్నవారికి తరగతి గది పాఠాలు ఉపయోగపడతాయి. పాఠాలు వచ్చి, వేగం మాత్రమే లేనివారికి మాదిరి పరీక్షల వరకు కొనుక్కుంటే సరిపోతుంది. దానికయ్యే ఖర్చు పూర్తి శిక్షణ ఫీజులో చిన్న భాగం మాత్రమే.

ఐ.ఐ.టి.ల అధ్యాపకులు చెప్పిన ఇంజనీరింగ్ పాఠాలను ఎన్.పి.టి.ఇ.ఎల్. అనే ప్రభుత్వ కార్యక్రమం ద్వారా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఊళ్లో ఫోను సిగ్నలు సరిగా లేకుంటే, మండల కేంద్రానికి వెళ్లినప్పుడు పాఠాలు దింపుకుని ఇంట్లో చూసుకునే వీలుంది. ఒకే శాఖ చదివిన ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి వారానికోసారి కూర్చుని లెక్కలు చేసుకుంటే సందేహాలు చాలావరకు అక్కడే తీరిపోతాయి.

అయితే ఇంట్లో ఉండి చదివేవారికి ఒక చిక్కుంది. ఎదురుగా ఉన్న పిల్లను ఇంటి పనికీ, పిల్లవాణ్ణి పొలం పనికీ పిలవకుండా ఉండలేరు. ముఖ్యంగా ఆడపిల్లల చదువు గంటలు వంటింట్లో కరిగిపోతుంటాయి. పట్నం ఖర్చు తప్పిందని సంతోషించే తల్లిదండ్రులు, రోజుకు ఐదారు గంటలు ఆ బిడ్డను ఎవరూ కదిలించకుండా చూడవలసి ఉంటుంది.

రసీదు చేతికి వచ్చేముందు

పట్నంలో చేరాలనే నిర్ణయించుకుంటే, గోడల మీది ఫోటోలు చూసి ఫీజు కట్టేయకూడదు. పెద్ద ర్యాంకు వచ్చిన విద్యార్థి ఆ కేంద్రంలో ఏడాది తరగతులకు హాజరై ఉండవచ్చు, లేదా చివర్లో మాదిరి పరీక్షలు మాత్రమే రాసి ఉండవచ్చు. రెంటికీ చాలా తేడా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం, విజేతల పేర్లతో ప్రకటన ఇచ్చే శిక్షణ కేంద్రం ఆ విద్యార్థి ఏ కోర్సులో చేరాడో, అది ఎంత కాలమో, ఫీజు కట్టి చేరాడో లేదో కూడా వెల్లడించాలి. ర్యాంకు గ్యారంటీ, సీటు గ్యారంటీ అన్న మాటలు చెల్లవు.

అంతకుముందు 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కూడా శిక్షణ కేంద్రాల గురించి రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానుకుంటే, మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వాలని అందులో ఉంది. కేంద్రం హాస్టల్లో ఉంటే హాస్టలు, మెస్ ఫీజుకు కూడా ఇదే సూత్రం. కాబట్టి డబ్బు వాపసు నియమం ఏమిటో చేరేముందే కాగితం మీద రాయించుకోవడం మంచిది. నోటి మాట ఎన్నటికీ రసీదు కాదు.

అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. చెప్పిన ఫీజులో 18 శాతం జి.ఎస్.టి. కలిసి ఉందా, అదనమా? ఒక్కో తరగతిలో ఎందరు కూర్చుంటారు? మాదిరి పరీక్షలు ఎన్ని? రాసిన పరీక్షను మళ్లీ తరగతిలో చర్చిస్తారా? సందేహాలు తీర్చడానికి వేళలు ఉన్నాయా? జ్వరం వచ్చో, నాట్ల కోసమో ఇంటికి వెళితే పోయిన తరగతులు మళ్లీ వినే అవకాశం ఉందా? ఒకటి రెండు రోజులు ఫీజు లేకుండా తరగతిలో కూర్చోనివ్వమని అడిగి, పాఠం అర్థమవుతోందో లేదో చూసుకుని చేరాలి. మోసం జరిగిందని తోస్తే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు.

తరగతి గంటకు సొంత గంట

మంచి అధ్యాపకుడు బల్ల మీద లెక్క చేసి చూపుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. గదికి వచ్చి అదే లెక్క సొంతంగా చేయబోతే రెండో వరుస దగ్గరే ఆగిపోతుంది. ఈత కొట్టేవాణ్ణి గట్టు మీద నిలబడి ఎంతసేపు చూసినా ఈత రాదు. శిక్షణలో చేరినవారిలో చాలామంది నష్టపోయేది ఇక్కడే. రోజంతా తరగతుల్లో కూర్చున్నాం కదా, చదివేసినట్టే అనుకుంటారు.

దీనిపై జరిగిన ఒక పరిశోధన గమనించదగ్గది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీనిని ప్రచురించారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవారే ఎక్కువ చెప్పగలిగారు. వారం తర్వాత అడిగేసరికి కథ తిరగబడింది. రెండుసార్లు చదివినవారికి 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది. గేట్ పరీక్ష ఐదు నిమిషాల్లో జరిగేది కాదు, నెలల తర్వాత జరిగేది.

దీన్నిబట్టి చేయవలసిన పని తేలికైనదే. తరగతి అయిన రోజు సాయంత్రమే నోట్సు మూసి, ఆనాటి పాఠంలో గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాయాలి. తర్వాత నోట్సు తెరిచి వదిలేసినవి ఎర్ర సిరాతో చేర్చాలి. ఆపైన ఆ పాఠం మీద పాత పత్రాల నుంచి నాలుగైదు లెక్కలు జవాబు చూడకుండా చేయాలి. తరగతిలో ఎంతసేపు కూర్చున్నారో కనీసం అంతసేపయినా సొంతంగా పెన్ను పట్టుకోవాలి. అందుకు సమయం మిగలడం లేదంటే తరగతులు ఎక్కువయ్యాయని అర్థం. వచ్చిన పాఠాల తరగతులు కొన్ని తగ్గించుకున్నా నష్టం లేదు.

సందేహం వస్తే అందరి ముందు లేచి అడగడానికి పల్లె విద్యార్థులు మొహమాటపడుతుంటారు. ఇంగ్లీషు తప్పుతుందేమోనన్న భయం ఒకటి. తరగతి అయ్యాక దగ్గరకు వెళ్లి తెలుగులోనే అడగవచ్చు. అయితే "పాఠం అర్థం కాలేదు సార్" అంటే ఆయన మాత్రం ఎక్కడ మొదలుపెట్టగలడు? లెక్క చేసిన కాగితం చూపి, ఏ వరుస దగ్గర ఆగిపోయిందో వేలు పెట్టి చూపితే రెండు నిమిషాల్లో పని తీరుతుంది. కట్టిన ఫీజులో సందేహాల డబ్బు కూడా ఉందని మరువరాదు.

తప్పుల ఖాతా

కిరాణా కొట్టులో అప్పుల ఖాతా ఉన్నట్టు, ప్రతి విద్యార్థి దగ్గరా తప్పుల ఖాతా ఒకటి ఉండాలి. విడిగా ఒక పుస్తకం పెట్టుకుని, తప్పిన ప్రతి లెక్కనూ తేదీతో సహా రాసుకోవాలి. పక్కనే తప్పు ఎందుకు జరిగిందో ఒక్క మాటలో రాయాలి.

తప్పులు నాలుగు రకాలు. పాఠమే రాకపోవడం మొదటిది. ప్రశ్న సరిగా చదవకపోవడం రెండోది. "కానిది ఏది" అని అడిగితే "అయినది" గుర్తుపెట్టి రావడం ఇలాంటిదే. లెక్కలో జారడం మూడోది. జవాబు కిలోన్యూటన్లలో అడిగితే న్యూటన్లలో వేయడం, దశాంశ బిందువు తప్పడం దీని కిందికి వస్తాయి. సమయం చాలకపోవడం నాలుగోది. రోగాన్ని బట్టి మందు మారినట్టే తప్పును బట్టి విరుగుడు మారుతుంది. మొదటి రకానికి పాఠం మళ్లీ చదవాలి. రెండో, మూడో రకానికి ఎన్ని పాఠాలు చదివినా లాభం లేదు, నిదానంగా రాసే అలవాటు కావాలి. నాలుగో రకానికి గడియారం పెట్టుకుని సాధన చేయాలి.

ఖాతాలోని లెక్కను వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత మరోసారి చూడకుండా చేయాలి. రెండుసార్లూ సరిగా వస్తే కొట్టేయవచ్చు. బాకీ తీరినట్టే.

మాదిరి పరీక్ష రాసే తీరు

65 ప్రశ్నలకు 180 నిమిషాలంటే ఒక్కో దానికి సగటున రెండు నిమిషాల 46 సెకండ్లు. ఇంత తక్కువ సమయంలో కంప్యూటరు ముందు కూర్చుని రాయడం అలవాటు కావాలి. సొంత కాలిక్యులేటరు లోనికి రానివ్వరు. తెర మీద కనిపించే కాలిక్యులేటరునే మౌస్‌తో నొక్కి వాడాలి. అది మొదటిసారి పరీక్ష గదిలోనే చూసినవారు నిమిషాలు పోగొట్టుకుంటారు. గేట్ వెబ్‌సైటులో ఉచితంగా ఉంచే నమూనా పరీక్షలో దీన్ని ముందే సాధన చేయవచ్చు.

మొదటి విడతలో తేలికగా వచ్చేవి, రెండో విడతలో కొంత ఆలోచిస్తే వచ్చేవి, చివరి విడతలో మిగిలినవి చూడటం మంచి పద్ధతి. ఒక్క మొండి లెక్క దగ్గర పది నిమిషాలు పోతే, వెనుక ఉన్న మూడు తేలిక లెక్కలు పోయినట్టే.

శిక్షణ అంతా అయ్యాక మాదిరి పరీక్షలు రాద్దామని ఆగడం పొరపాటు. సగం పాఠాలు కాగానే మొదలుపెట్టి, చివరి రెండు నెలల్లో వారానికొకటైనా రాయాలి. పరీక్షకు మూడు గంటలు పడితే, దాన్ని మళ్లీ పరిశీలించడానికి మరో మూడు గంటలు కేటాయించాలి. సరైన జవాబులను కూడా చూడాలి. అందులో ఊహించి పెట్టినవెన్ని, తెలిసి చేసినవెన్ని అన్నది తేలాలి. పక్కవాడికి ఎన్ని వచ్చాయన్నది ముఖ్యం కాదు, కిందటి పరీక్షలో చేసిన తప్పు ఈ పరీక్షలో తగ్గిందా అన్నదే ముఖ్యం.

తప్పు జవాబుకు కోత

గేట్‌లో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలకు కోత ఉంది. ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్న తప్పితే మూడింట రెండు వంతులు పోతుంది. ఒకటికన్నా ఎక్కువ జవాబులు ఎంచుకునే ప్రశ్నలకు, అంకె వేయవలసిన ప్రశ్నలకు కోత లేదు. కాబట్టి ఆ రెండు రకాల్లో దేన్నీ ఖాళీగా వదలకూడదు.

కోత ఉన్నచోట ఊహించి పెట్టవచ్చా? లెక్క వేసి చూడవచ్చు. ఏమీ తెలియక 12 ఒక మార్కు ప్రశ్నలకు కళ్లు మూసుకుని గుర్తుపెడితే, సగటున 3 ఒప్పు, 9 తప్పు. వచ్చినవి 3 మార్కులు, పోయినవి 3 మార్కులు. మిగిలింది సున్న. ప్రతి ప్రశ్నలోనూ ఒక జవాబు కచ్చితంగా తప్పని తెలిస్తే, సగటున 4 ఒప్పు, 8 తప్పు. నాలుగు మార్కుల్లో 2.67 పోగా 1.33 మిగులుతుంది. ఒక్క జవాబునైనా కొట్టేయగలిగితేనే ఊహకు విలువ ఉందన్నమాట.

అన్ని పరీక్షలకూ ఈ లెక్క సరిపోదు. ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. చదువులకు రెండు తెలుగు రాష్ట్రాలూ వేరువేరుగా జరిపే ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు. ఒక్కోదానికి 45 సెకండ్లే. కోత లేదు. రాష్ట్రంలోని ఎం.టెక్. సీట్లకు జరిగే పి.జి.ఇ.సెట్‌లో 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, అందులోనూ కోత లేదు. అక్కడ ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలినా నష్టమే. రాయబోయే పరీక్ష ఏదో దాని నియమాలను బట్టే సాధన చేయాలి.

పొరుగింటి పుల్లకూర

పరీక్ష దగ్గరపడేకొద్దీ పక్క కేంద్రం నోట్సు బాగుందనీ, ఫలానా పుస్తకం చదివితేనే ర్యాంకు వస్తుందనీ మాటలు వినిపిస్తాయి. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, చివరి నెలలో కొత్త పుస్తకాల వెంట పడితే చేతిలో ఉన్నది కూడా జారుతుంది. సొంత నోట్సు, తప్పుల ఖాతా, పాత ప్రశ్నపత్రాలు. చివరి నెలకు ఈ మూడు చాలు. రాత్రి నిద్ర మాని చదివితే, పగలు మాదిరి పరీక్షలో దాని ఫలితం కనిపిస్తుంది.

స్కోరు వచ్చాక మరో మెట్టు

గేట్ స్కోరు వచ్చినంత మాత్రాన సీటు ఇంటికి రాదు. ఐ.ఐ.టి.లకు వేరుగా దరఖాస్తు చేయాలి. ఎన్.ఐ.టి.లకు సి.సి.ఎం.టి. అనే కౌన్సెలింగులో పేరు నమోదు చేసుకోవాలి. రాష్ట్రంలోని కళాశాలలకు మరో కౌన్సెలింగు. తేదీలు చూసుకోక, మంచి స్కోరు ఉండి కూడా సీటు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం వంటివి ముందే తీసి ఉంచాలి. ఓ.బి.సి., ఇ.డబ్ల్యు.ఎస్. పత్రాలు ఎప్పుడు జారీ అయినవి చెల్లుతాయో ప్రకటనలో చూసుకోవాలి. పాతవి పనికిరాకపోవచ్చు.

మొదటి ప్రయత్నంలో ర్యాంకు రాకపోతే చదివినదంతా బూడిదలో పోసినట్టు కాదు. అదే చదువుతో పి.జి.ఇ.సెట్ రాయవచ్చు. మరుసటి ఏడు గేట్‌కే మళ్లీ కూర్చోవచ్చు. అప్పుడు మళ్లీ పూర్తి ఫీజు కట్టాలో, తప్పుల ఖాతా ముందు పెట్టుకుని ఇంట్లోనే చదివితే సరిపోతుందో ఆ ఖాతాయే చెబుతుంది.

ఇక తల్లిదండ్రులు ఫోను చేసినప్పుడు "ఎన్ని మార్కులు వచ్చాయి?" అని మాత్రమే అడుగుతుంటారు. ఆ మాటతో పిల్లల గుండె బరువెక్కుతుందే తప్ప చదువు పెరగదు. "ఈ వారం ఏ తప్పు దిద్దుకున్నావు?" అని అడగడానికి ఇంజనీరింగ్ చదవనక్కరలేదు. ఆ ఒక్క ప్రశ్నకు వారం వారం జవాబు వస్తుంటే, కట్టిన ఫీజు దారిలోనే ఉందని నిశ్చింతగా ఉండవచ్చు.